ఓడరంగు ఇల్లు

మిన్నీ బే మలుపు దాటాక కొండవాలు మీదికి ఎక్కే సందు ఒకటుంది. నలభై మూడు మెట్లెక్కితే ఎడమచేతి వైపు మహాలక్ష్మమ్మ ఇల్లు. ఆ ఇంటిని ఎవరూ ఆమె పేరుతో చెప్పరు. జహాజ్ ఘర్ అంటారు, అంటే ఓడ ఇల్లని. గోడలు నడుము ఎత్తుదాకా బూడిదరంగు, ఆపైన తెలుపు, గుమ్మాలకీ కిటికీలకీ ముదురు ఆకుపచ్చ. అన్నీ ఓడలకు వేసే రంగులే. ఆమె మొగుడు నూకన్న డాక్‌యార్డులో ముప్పై ఏళ్లు ఓడల తుప్పు గోకి రంగులు పూశాడు. డబ్బాల అడుగున మిగిలిన రంగును సూపర్‌వైజరును అడిగి తెచ్చుకునేవాడు. ఏటా వానలు వెనకపట్టి జనవరి ఎండ కాయగానే ఇల్లంతా పూసేవాడు. ఉప్పుగాలికి చుట్టుపక్కల ఇళ్లన్నీ నల్లబడిపోయినా ఆ ఒక్క ఇల్లు మాత్రం కింది రోడ్డు మీద పోయే బస్సులోంచి కూడా తళతళమని కనిపించేది.

రంగు మీద అతనికి ఎంత పట్టింపంటే, తలుపు కాస్త గట్టిగా వేసినా ఊరుకునేవాడు కాదు. "ఒలే మాలచ్చీ, తలుపు మెల్లగా ఎయ్యే" అనేవాడు. రోజూ అనేవాడు. రంగు పెచ్చులూడుతుందని కాబోలు అనుకుని ఆమె మెల్లగానే వేసేది.

నూకన్న సెప్టెంబరులో పోయాడు. ఈ జనవరిలో ఇంటికి రంగు పడలేదు.

మహాలక్ష్మమ్మకు యాభై తొమ్మిదేళ్లు. పద్దెనిమిదో ఏట విశాఖపట్నంలో ఓడెక్కి, మూడు రాత్రులు వాంతులు చేసుకుంటూ ఈ దీవికి కాపురానికి వచ్చింది. పిల్లలు లేరు. సిప్పీఘాట్‌లో వ్యవసాయ క్షేత్రం పక్కన ఒకాయన నర్సరీ ఉంది, అందులో కూలి. నల్ల సంచుల్లో మట్టి నింపి జాజికాయ మొక్కలూ లవంగ మొక్కలూ నాటుతుంది. ఆ పని ఇరవై రెండేళ్లుగా చేస్తోంది కాబట్టి చేతులకు అలవాటైపోయింది, మనసుతో పని లేదు. నూకన్న పోయాక ఆమె పెద్దగా ఏడవలేదు. ఏడుపు లోపలే ఉండిపోయిందని సందులోవాళ్లు అనుకున్నారు. ఆమెకు మాత్రం లోపల ఏమీ ఉన్నట్టు అనిపించలేదు. పొద్దున బస్సెక్కేది. కండక్టరు "సిప్పీఘాట్ ఆ గయా, అమ్మా" అని రెండుసార్లు పిలిస్తే దిగేది. సాయంత్రం అన్నం వండుకుని, పప్పులో ఉప్పుందో లేదో తెలియకుండానే తినేసేది.

కర్మకాండలు జరిగినన్నాళ్లూ ఆమె పొయ్యి వెలిగించలేదు. పక్కింటి పద్మిని పదకొండు రోజులు గంజో అన్నమో తెచ్చి గుమ్మంలో పెట్టి పోయింది. పద్మిని మొగుడు మణికుమార్ ఆటో నడుపుతాడు. వాళ్లది రేకుల ఇల్లే గాని, రేకులకు చిల్లులు పడి పైన నీలం టార్పాలిన్ కప్పారు. టార్పాలిన్ ఎగిరిపోకుండా దానిమీద ఆటో పాత టైర్లు మూడు పెట్టారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం జాహ్నవి వచ్చింది. పై సందులో ఉండే తెలుగువాళ్ల పిల్లే, డిగ్రీ అయింది. మున్సిపాలిటీవాళ్లు సర్వే పనికి పెట్టుకున్నారు. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. చేతిలో ట్యాబ్ ఉంది, అందులో ప్రశ్నలన్నీ హిందీలో ఉన్నాయి. వార్డులో పాడైన ఇళ్లు బాగుచేసుకోవడానికి డబ్బులొచ్చాయట, ఏ ఇల్లు ముందో ఏది తరవాతో తేల్చడానికి ఈ లెక్కట. అప్పటికే ఆ పూట ఇరవై ఇళ్లు తిరిగి కాళ్లు లాగేస్తున్నాయని మెట్టు మీదే కూర్చుంది. ఇంట్లో ఎంతమంది, ఏం పని, వయసెంత, మరుగుదొడ్డి ఉందా, ఒక్కొక్కటే అడుగుతూ వచ్చింది. మహాలక్ష్మమ్మ అవుననో కాదనో తలూపుతోంది.

"ఘర్ కచ్చా హై యా పక్కా, పిన్నీ?"

"పక్కా" అంది మహాలక్ష్మమ్మ.

అయిదు నెలల్లో ఆమె నోట అంత గట్టిగా వచ్చిన మాట మరొకటి లేదు. జాహ్నవి తలెత్తి గోడవైపు చూసింది. మధ్యాహ్నం ఎండలో తెల్లరంగు మెరుస్తోంది. టిక్ పెట్టేసుకుని వెళ్లిపోయింది.

పక్కా ఇల్లంటే సిమెంటు ఇల్లనీ, కచ్చా అంటే కర్రతోనో రేకులతోనో కట్టిందనీ మహాలక్ష్మమ్మకు తెలియక కాదు. కానీ ఆ సందులో ఆ మాట బతుకు వేరు. అక్కడి ఇళ్లన్నీ మొదట్లో ఎవరి అనుమతీ లేకుండా కొండను చదును చేసుకుని కట్టుకున్నవే. నూకన్న చేతికి మొదట ఒక చీటీ ఇచ్చారు. ఎప్పుడైనా వచ్చి ఖాళీ చెయ్యమనవచ్చు, అది కచ్చా కాగితం. పద్దెనిమిదేళ్లు ఆ చీటీ పట్టుకుని అతను ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అన్నేళ్లూ సందులో ఎవరు ఎదురైనా అడిగేది ఒకటే: "నూకన్నా, నీదింకా కచ్చాయేనా?" ఆఖరికి ముద్రలున్న అసలు కాగితం వచ్చిన రోజు అతను మెట్ల కిందినుంచే అరుచుకుంటూ వచ్చాడు. "ఒలే మాలచ్చీ, పక్కా అయిపోనాదే. మనల్నింక ఎవుడూ లేపలేడు." ఆ రోజు జిలేబీ తెచ్చి నలభై మూడు మెట్ల పొడుగునా పంచాడు. ఇల్లు కచ్చానా పక్కానా అని ఎవరడిగినా ఆమె చెవికి వినబడేది ఆ కేకే. జాహ్నవి అడిగినప్పుడూ అదే వినబడింది.

మార్చి రెండో వారంలో కమ్యూనిటీ హాల్లో వార్డు మీటింగు పెట్టారు. మహాలక్ష్మమ్మ వెళ్లాలనుకోలేదు, వెళ్లకూడదనీ అనుకోలేదు. పద్మిని వచ్చి "పద దీదీ" అంటే చెప్పులు తొడుక్కుంది.

మున్సిపాలిటీ జూనియర్ ఇంజనీరు జితేంద్ర ముందు సందు పనుల సంగతి ఎత్తాడు. డబ్బు ఒక పనికే సరిపోతుంది. కొండ జారకుండా గోడ కావాలో, మురుగుకాలువ కావాలో, దీపాలు కావాలో మీరే తేల్చుకోండన్నాడు. ఒకరికి హిందీ అక్షరాలు రావు, ఒకరికి తెలుగువి రావు, ఇంకొకరికి బెంగాలీ తప్ప రాదు. అందుకని మూడు ప్లాస్టిక్ మగ్గుల మీద బొమ్మలు అంటించి, ఇంటికి మూడేసి వక్కలు పంచారు. ఏ పని కావాలో ఆ మగ్గులో వెయ్యాలి. కొట్టు సత్యారావు మాట్లాడుతూ మాట్లాడుతూ తన వక్కొకటి నోట్లో వేసుకుని కొరికేశాడు.

"ఓటు నమిలేసినోడివి నువ్వొక్కడివేరా సత్తెం" అంది వెనకనుంచి ముసలి సింహాచలమ్మ.

"పోనీలే పెద్దమ్మా. మగ్గులో ఏసినా ఎవులో ఒకలు నమిలీసేదే కదా" అన్నాడు సత్యారావు.

హాలంతా నవ్వింది. జితేంద్ర కూడా నవ్వాడు. అందరూ వరసగా వెళ్లి వక్కలు వేసి వస్తున్నారు. మహాలక్ష్మమ్మ తన మూడు వక్కల్నీ చెంగున ముడివేసుకుంది. తరవాత లేచి వెయ్యాలన్న సంగతే మరిచిపోయింది.

ఆ తరవాత ఇళ్ల జాబితా వచ్చింది. నలభై ఒక్క పేర్లు. ఈ ఏడు మొదటి పన్నెండింటికే డబ్బు. తక్కినవాళ్లు వచ్చే ఏడు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. గోడలు, కప్పు, గుంజలు ఎంత పాడైతే అంత ముందు. సిమెంటు గోడల పక్కా ఇళ్లన్నీ చివరికి పోయాయి. అభ్యంతరాలుంటే ఈ పూటే చెప్పాలనీ, కింద సంతకాలు పడ్డాక మార్చడం తన చేతుల్లో ఉండదనీ జితేంద్ర ముందే చెప్పి చదవడం మొదలుపెట్టాడు.

పన్నెండో పేరు పద్మినిది. పద్మిని జుట్టు విప్పుకుని మళ్లీ ముడివేసుకుంది, అంతే. పక్కనున్న మణికుమార్ మాత్రం వేళ్లు విరిచి, కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు.

మహాలక్ష్మమ్మది ముప్పై తొమ్మిదోది. ఆమె విన్నది. ముప్పై తొమ్మిది అనుకుంది. అదేదో బస్సు నంబరులా అనిపించింది.

గోడవార ట్యాబ్ పట్టుకుని నిలబడ్డ జాహ్నవికి మాత్రం అనుమానం వచ్చింది. కుర్చీల మధ్యనుంచి వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చుంది.

"పిన్నీ, మీది కర్ర ఇల్లు కదూ? మరి పక్కా అన్నారేంటి?"

"పక్కాయేనమ్మా. కాగితం ఉంది. మీ బాబాయే తెచ్చాడు."

జాహ్నవి అరచేత్తో నుదురు కొట్టుకుంది. "కాగితం కాదు పిన్నీ. గోడలు. నేను గోడల గురించి అడిగాను. కాగితం లేకపోతే అసలు జాబితాలోకే రారు, అది అందరికీ ఉంది." గొంతు తగ్గించి, తప్పు తనదేననీ, రంగు చూసి తానూ లోపలికి వెళ్లి చూడలేదనీ చెప్పింది. కానీ మార్చమని అడగాల్సింది ఇంటివాళ్లే. వానలకు ఇంకా రెండు నెలలు కూడా లేవు. "లేచి కచ్చా అని చెప్పండి. ఒక్క మాట. వాళ్లే వచ్చి చూస్తారు."

మహాలక్ష్మమ్మ ముందు వరసలో పద్మిని ముడిని చూస్తూ కూర్చుంది. తాను ఆ పన్నెండు పేర్లలోకి వెళితే ఎవరు బయటికి వస్తారో చెప్పడానికి ట్యాబ్ అక్కర్లేదు. తాను మాట్లాడకుండా ఊరుకుంటే వచ్చే వానకు తన ఇల్లు ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. నూకన్న ఉన్నప్పుడే వెనకగదిలో నడిస్తే నేల ఊగేది. మొన్న పిడుగు పడితే గోడకున్న గిన్నెలన్నీ కిందపడ్డాయి. రెండూ తెలుసు. ఏదీ బరువనిపించలేదు. లేవాలని కూడా అనుకోలేదు. పక్కవాళ్లు తలలు తిప్పి చూస్తుంటే తాను లేచి నిలబడ్డానని తెలిసింది.

"సార్, మా ఇల్లు కచ్చా."

జితేంద్రకు వినబడలేదు. "క్యా బోలా, అమ్మా?"

"కచ్చా. నేను తప్పు చెప్పేను. మా ఇల్లు కచ్చా."

రెండోసారి అన్నప్పుడు ఆ మాట నోట్లో ఇసకలా తగిలింది. పద్దెనిమిదేళ్లు మొగుడు ఏ మాట పోగొట్టుకోవాలని తిరిగాడో ఆ మాటను నలుగురిలో తాను మళ్లీ తెచ్చి పెట్టింది.

"జహాజ్ ఘర్ కచ్చా అయితే మాయి చేపల బుట్టలే" అన్నాడు సత్యారావు. ఈసారి ఎవరూ గట్టిగా నవ్వలేదు. మణికుమార్ కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. "రంగేసిన ఇల్లు కచ్చా, టార్పాలిన్ ఇల్లు పక్కా. లెక్క బాగుంది" అన్నాడు, ఎవరి వంకా చూడకుండా. పద్మిని వెనక్కి తిరిగి మహాలక్ష్మమ్మను ఒకసారి చూసి మళ్లీ ముందుకు తిరిగింది.

జితేంద్ర సంతకాలు ఆపాడు. వచ్చి చూస్తానన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు పద్మిని ముందు వెళ్లిపోయింది. మహాలక్ష్మమ్మ నలభై మూడు మెట్లూ ఒక్కతే ఎక్కింది.

మూడో రోజు జితేంద్ర, జాహ్నవి కలిసి వచ్చారు. జితేంద్ర ముందు గోడను వేలితో తట్టి, బాగానే ఉంది కదా అన్నట్టు మొహం పెట్టాడు. తరవాత వెనకవైపు దిగాడు. కొండవాలు కాబట్టి ఇంటి వెనక సగం గుంజల మీద నిలబడి ఉంటుంది. గుంజలకూ బూడిదరంగే, అరచెయ్యి పెడితే నున్నగా జారిపోయేటట్టుంది. అతను పెన్ను వెనక కొసతో ఒకదాన్ని తట్టాడు. చప్పుడు కర్ర చప్పుడులా రాలేదు. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి గీకాడు. రంగు అట్టలా లేచి వచ్చింది. బూడిదరంగు కింద తెలుపు, తెలుపు కింద మళ్లీ బూడిద. లెక్కపెడితే ఇరవై పొరలు ఉంటాయేమో. వాటి కింద పుట్టీ. ఓడ రేకుకు సొట్టలు పడితే రంగుకు ముందు పూడ్చే పుట్టీ. స్క్రూడ్రైవర్ మొనను అక్కడ ఆనించి కాస్త నొక్కితే పిడిదాకా లోపలికి దిగిపోయింది. పొడిపొడిగా చెదల మట్టి రాలింది.

"అమ్మా, ఈ ఇల్లు కర్ర మీద లేదు, రంగు మీద నిలబడింది" అన్నాడు జితేంద్ర. వెక్కిరింతగా అనలేదు.

స్క్రూడ్రైవర్ లాగినప్పుడు అరచేతంత పుట్టీ ముక్క ఊడి ఆమె కాళ్ల దగ్గర పడింది. మహాలక్ష్మమ్మ వంగి తీసుకుంది. దానిమీద బొటనవేలితో నొక్కి సాపు చేసిన ఆనవాళ్లున్నాయి, ఒకదాని పక్కన ఒకటి. ప్రతిదాని మధ్యా నిలువునా ఒక సన్నని గాటు. నూకన్న కుడి బొటనవేలి గోరు తుప్పు కొట్టే సుత్తి తగిలి నిట్టనిలువునా చీలింది, మళ్లీ కలవలేదు.

అంటే అతనికి తెలుసు. ఏ ఏడాది పూడ్చాడో గాని, తెలిసే పూడ్చాడు. ఆపైన ఏటా రంగు వేశాడు. తలుపు మెల్లగా ఎయ్యే అన్నది రంగు కోసం కాదు.

ఆమెకు ఏడుపు వస్తుందేమోనని జాహ్నవి కాస్త దగ్గరికి జరిగింది. రాలేదు. మహాలక్ష్మమ్మ ఆ ముక్కను కిటికీలో పెట్టి, ఇంజనీరుకు టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. గుమ్మం దాటాక తలుపును ఎప్పటిలాగే మెల్లగా వేసింది.

జాబితాలో ఆమె పేరు నాలుగోదైంది. పద్మిని పదమూడు. జితేంద్ర టీ గ్లాసు కింద పెడుతూ ఇంకో మాట కూడా చెప్పాడు. వానలు మొదలయ్యాక ఈ ఇంట్లో ఉండకూడదు. వారంలో ఖాళీ చెయ్యాలి, లేకపోతే పని మొదలుపెట్టడం కుదరదు. ఎక్కడుంటారని అడిగితే ఆమె చూస్తానంది. ఎక్కడ చూడాలో తెలియదు. నర్సరీలో సామాను పెట్టే కొట్టాం ఒకటి ఉంది, అందులో పడుకోనిస్తారేమో అడగాలనుకుంది. రెండు రోజులు అడగనే లేదు.

ఆ రెండు రోజులూ పద్మిని గడప తొక్కలేదు. మూడో రోజు సాయంత్రం మహాలక్ష్మమ్మ బస్సు దిగి మెట్లెక్కి వచ్చేసరికి తన ఇంటి తలుపు తీసి ఉంది. లోపల పద్మిని మంచం కాళ్లు తాడుతో కట్టేస్తోంది. గిన్నెలన్నీ అప్పటికే ఒక గంపలో సర్దేసింది.

"ఏటి పద్మినీ ఇది?"

"ఏటేటి? నీ వల్ల నేను పదమూడైపోనాను. ఆ పదమూడో నంబరింట్లో ఎలాగుంటాదో నువ్వూ వచ్చి ఉండి సూడు." తాడు ముడి పళ్లతో బిగించింది. "ఆ కొస పట్టుకో దీదీ. బరువుంది."

మహాలక్ష్మమ్మ ఆ కొస పట్టుకుంది.

మణికుమార్ ఆమెతో మాట్లాడడు. మాట్లాడకుండానే ఆమె ట్రంకుపెట్టెను భుజాన మోసి తెచ్చాడు. ఏప్రిల్ నడిమికి జహాజ్ ఘర్‌ను గోడ గోడగా విప్పేశారు. రంగు పలకలను సింహాచలమ్మ కోళ్లగూటికి అడిగి పట్టుకుపోయింది. ఒకరోజు బట్టలు ఉతుకుతుంటే మహాలక్ష్మమ్మ చెంగు ముడిలో మూడు వక్కలు బయటపడ్డాయి. సందులో రెండు వక్కల తేడాతో దీపాలు గెలిచాయి, కొండగోడ ఓడిపోయింది. అది అందరూ చెప్పుకున్న సంగతే. ఆమె మూడు వక్కల్నీ చేతిలో కాసేపు ఉంచుకుంది. ఎవరికీ చెప్పలేదు. పుట్టీ ముక్కతో పాటు ట్రంకుపెట్టెలో వేసింది.

మే నెల మొదటివారంలో, ఒక మధ్యాహ్నం, తొలి వాన పడింది. ఆ వానలోనే గొడుగు వేసుకుని జాహ్నవి వచ్చింది. పని జరుగుతున్న ఇళ్లవాళ్లు ప్రస్తుతం ఎక్కడుంటున్నారో మళ్లీ రాసుకోవాలట. గుమ్మంలో నిలబడి ట్యాబ్ తుడుచుకుంది. ఈసారి ప్రశ్న పూర్తిగా చదివి, అర్థం చెప్పి మరీ అడిగింది.

"ఇప్పుడు ఉంటున్న ఇల్లు, పిన్నీ. గోడలూ, కప్పూ. కాగితం కాదు. కచ్చానా, పక్కానా?"

మహాలక్ష్మమ్మ పైకి చూసింది. టార్పాలిన్ మీద నీళ్లు మడుగు కట్టి కిందికి వేలాడుతున్నాయి. ఇంట్లో నాలుగుచోట్ల కారుతోంది, నాలుగుచోట్లా పద్మిని గిన్నెలు పెట్టింది. ఒక్క మూల మాత్రం పొడిగా ఉంది. అక్కడ తన మంచం వేసి ఉంది. పద్మిని పరుపు చుట్టి బల్ల మీదికి ఎక్కించారు, దాని మీదా ఒక చుక్క పడుతోంది.

"పక్కా కాదమ్మా" అంది. "పక్కిల్లు."

జాహ్నవికి అర్థం కాలేదు. "అలాంటిది ఇందులో లేదు పిన్నీ. రెండే ఉన్నాయి."

పొయ్యి దగ్గరున్న పద్మిని ఫక్కున నవ్వింది. మహాలక్ష్మమ్మకు నవ్వు రాలేదు గాని, ముక్కుకు చాలా రోజుల తరవాత వానకు తడిసిన బొగ్గు వాసనా, పద్మిని పెడుతున్న తాలింపు ఘాటూ తెలిశాయి. లేచి, పరుపు మీద పడుతున్న చుక్క కింద తన గిన్నె ఒకటి తెచ్చి పెట్టింది.

"కచ్చా అని రాసుకో" అంది. "ఉన్నది రాసుకో."